కరిగే చక్కెర – నిలిచే రంగు

అన్నానికి రంగు అక్కరలేదు. మల్లెపూవు వలె తెల్లగా ఉంటే చాలు, వడ్డించినవారికీ తిన్నవారికీ తృప్తి కలుగుతుంది. మొలగొలుకులు పండిన నెల్లూరు సీమలో పుట్టినవారికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాని మిఠాయి సంగతి వేరు. మిఠాయి ఆకలి తీర్చడానికి పుట్టినది కాదు, సంతోషాన్ని పదిమందికీ పంచడానికి పుట్టినది. సంతోషానికి రంగు కావాలి. పెళ్ళి పళ్ళెంలోని పంచదార చిలకకు గులాబి రంగు, జిలేబికి పసుపు వన్నె, పుట్టినరోజు కేకుకు బిడ్డ కోరిన రంగు. ఈ రంగు ఎక్కడినుండి వస్తుంది, ఎంత ఉండాలి, ఎవరు తినగలరు, ఎవరు తినకూడదు అన్న విచారణ చాలామందికి అల్పవిషయంగా తోచవచ్చు. మా ఇంట్లో మాత్రం అది అల్పవిషయం కాదు. నా చదువు ఆ రంగుల మీదనే నడుస్తున్నది.

మా అబ్బా దర్జీ. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు మసకబారడంతో కుట్టుపని తగ్గింది. అప్పటినుండి మా ఆపా ఇంటివద్దనే కేకులు తయారుచేసి, వాటిపై పూలూ, బొమ్మలూ అలంకరించి ఇచ్చే పని చేపట్టింది. నేను ఈ కళాశాలలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. ఆపా చేతితో చేస్తుంది, నేను పుస్తకంలో చదివినదానిని ఆమె పనితో సరిపోల్చి చూస్తాను. ఆ విధంగా మా ఇంట్లో ఇద్దరికీ తెలిసివచ్చిన సంగతులను కొన్నింటిని పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కేకుపై గుడ్డవలె పరచే మెత్తని చక్కెర ముద్దను ఫాండెంట్ అంటారు. ఇది ఫ్రెంచి మాట. 'కరిగేది' అని దాని అర్థం. పేరు పరదేశానిదే అయినా వస్తువు మనకు కొత్తది కాదు. చక్కెర అన్న మాటే మన దేశం నుండి లోకమంతా తిరిగినది. సంస్కృతంలోని శర్కర పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఆ దారినే ఐరోపా భాషలలో ప్రవేశించింది. ఖండ శబ్దం కంద్ అయి, చివరకు ఇంగ్లీషు క్యాండీగా మారింది. ఉర్దూ, తెలుగు రెండూ వినబడే మా ఇంటివంటి ఇళ్ళలో ఈ మాటల చుట్టరికం ప్రతిదినం చెవిన పడుతూనే ఉంటుంది.

చక్కెరతో బొమ్మలు చేయడమూ ప్రాచీనమైన విద్యయే. 1582లో ఇస్తాంబుల్ నగరంలో సుల్తాన్ మూడవ మురాద్ తన కుమారుని సున్నతి ఉత్సవం జరిపినపుడు, చక్కెరతో చేసిన జంతువుల బొమ్మలను ఊరేగించారు. అంత దూరం పోనక్కరలేదు. మన ఆంధ్రదేశంలో పంచదార పాకాన్ని కాచి, పాలు పోసి మలినం తీసి, రంగు కలిపి, తడిపిన కొయ్య అచ్చులలో పోసి, చిలకలనూ, ఏనుగులనూ, రథాలనూ తీసేవారు. ఇప్పటికీ తీసేవారున్నారు. పెళ్ళిళ్ళలో ఆ చిలకలు లేని పళ్ళెం వెలితిగా కనబడేది. ఆపా చేసే ఫాండెంట్ గులాబీలు ఆ చిలకలకు చెల్లెళ్ళే అని నేను అనుకుంటాను.

అయితే రెండింటికీ ఒక భేదం కలదు. పంచదార చిలక గట్టిది. అది గట్టిపడిన చక్కెర స్ఫటికాల రాశి. ఫాండెంట్ మెత్తనిది. పాకాన్ని సుమారు 115 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, చల్లార్చి, బాగా గిలకొడితే అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఏర్పడి, నాలుకకు వెన్నవలె తగులుతాయి. పోసే ఫాండెంట్ తయారయ్యేది ఈ పద్ధతిలోనే. కేకుపై పరచేది మరొక విధం. మెత్తగా విసిరిన చక్కెరపొడి, గ్లూకోజు పాకం, కొద్దిగా వనస్పతి వంటి కొవ్వు, తేమ నిలిపే గ్లిసరిన్, సాగుడునిచ్చే జెలటిన్ గాని జిగురు గాని కలిపి ముద్ద చేస్తారు. దీనిని ఇంట్లోనూ చేయవచ్చు. కాని నెలకు పదీపదిహేను కేకులు చేసే ఇల్లాలికి సిద్ధంగా దొరికేది కొనడమే మేలు. ప్రతి డబ్బాలోనూ ముద్ద ఒకే తీరుగా ఉంటుంది, శ్రమ తగ్గుతుంది. ఇక మిగిలేది ఎంపిక. ఆ ఎంపికలోనే అసలు విద్య ఉంది.

ఆపా మొదట చూసేది ధర కాదు, డబ్బా వెనుకనున్న చిన్న అక్షరాలు. ఆమెకు ఈ అలవాటు కలగడానికి మా వీధిలోని ఒక పెద్దావిడ కారణం. వారు శుద్ధ శాకాహారులు. మనుమడి పుట్టినరోజుకు కేకు చెప్పడానికి వచ్చినపుడు, "అమ్మాయీ, గుడ్డు లేకుండా చేస్తావని తెలుసు, నీ మీద నమ్మకమే. కాని పైన పరిచే ఆ పొరలో ఏముందో ఒక్కసారి చూసి చెప్పు తల్లీ" అని అడిగారు. "చూసి చెబుతాను పిన్నిగారూ" అని ఆపా డబ్బా తిప్పింది. అందులో జెలటిన్ అని ఉంది.

జెలటిన్ పశువుల ఎముకలనుండీ, చర్మాలనుండీ తీసే పదార్థం. పందినుండి కూడా తీస్తారు, చేపలనుండి తీసేదీ ఉన్నది. పిన్నిగారికి అది ఏ జంతువునుండి వచ్చినా పనికిరాదు. మాకు పందినుండి వచ్చినది హరాం. ఇతర పశువునుండి వచ్చినదైతే, అది విధి ప్రకారం జబహ్ చేసినదా కాదా అన్న సందేహం మిగులుతుంది. అనగా రెండు వేరువేరు మతాల ఇళ్ళవారు, వేరువేరు కారణాలతో, ఒకే డబ్బా వద్ద ఆగిపోయారన్నమాట. ఆ దినమే ఆపా ఒక నియమం పెట్టుకున్నది: జెలటిన్‌కు బదులు చెట్టునుండి వచ్చిన జిగురుగాని, సెల్యులోజునుండి తయారైన జిగురుగాని ఉన్న ఫాండెంట్‌నే కొనాలి. మన దేశంలో శాకాహార పదార్థాల పొట్లాలపై చదరపు గడిలో ఆకుపచ్చ చుక్క ముద్రించాలన్న నియమం ఉన్నది గనుక వెదకడం కష్టం కాదు. అయితే ఆ చుక్క మద్యసారం సంగతి చెప్పదు. కొన్ని పరిమళ ద్రవ్యాలలోనూ, మెరుపు పూతలను కలిపే ద్రవాలలోనూ మద్యసారం ఉండవచ్చు. విదేశాలనుండి వచ్చే ఎరుపు రంగులలో కొన్నింటిలో పురుగునుండి తీసిన కార్మైన్ అనే రంగు ఉంటుంది. కావున చుక్కను చూసిన తరువాత కూడా అక్షరాలను చదవవలసిందే. పిన్నిగారి మనుమని కేకును వారూ తిన్నారు, మేమూ తిన్నాము. ఒకే కత్తితో కోసిన కేకులో అందరికీ ముక్క దొరకడం ఎంత గొప్ప విషయమో ఆనాడు నాకు అర్థమైంది.

అక్షరాల పరీక్ష ముగిసిన తరువాత చేతి పరీక్ష. ఇందులో ఆపాకు గురువు అబ్బా. బట్టను వేళ్ళమధ్య నలిపి దాని గుణం చెప్పే దర్జీకి చక్కెర ముద్ద గుణం పోల్చడం కష్టమా! చిన్న ఉండను తీసి రెండు చేతులతో లాగితే, మంచి ఫాండెంట్ కొంత దూరం సాగి, తరువాత తెగుతుంది. లాగిన వెంటనే పుటుక్కున తెగితే ఎండిపోయినదని అర్థం. అది కేకు అంచులవద్ద ఏనుగు తోలువలె పగుళ్ళు వేస్తుంది. తెగకుండా తీగవలె జారితే మరీ మెత్తన, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. వేలితో నొక్కిన గుంట నిలిచి ఉండాలి, వేలికి మాత్రం అంటుకోకూడదు.

కొలత కూడా అబ్బాదే. ఎనిమిది అంగుళాల అడ్డం, నాలుగంగుళాల ఎత్తు ఉన్న గుండ్రని కేకుకు ఎంత పొర కావాలి? పైభాగం ఎనిమిది, రెండు ప్రక్కల దిగవలసినవి నాలుగు, నాలుగు, వెరసి పదహారు అంగుళాల చక్రం. దానిని మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తితే సుమారు 700 గ్రాముల ముద్ద పడుతుంది. కత్తిరింపుకు కొంత చేర్చి ముప్పావు కిలో పైచిలుకు తీసుకోవాలి. గుడ్డ అయినా చక్కెర అయినా కుట్టుకు వదలని కొలత కొలత కాదని అబ్బా అంటారు.

ఇక మన సముద్రతీరం సంగతి. ఫాండెంట్ గురించిన పుస్తకాలు ఎక్కువభాగం చలి దేశాలవారు వ్రాసినవి. వారికి ముద్ద ఎండిపోవడమే భయం. మనకు అది నీరు కారడమే భయం. శుద్ధమైన చక్కెర, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 85 శాతం దాటినపుడు తేమను పీల్చి కరగనారంభిస్తుంది. గ్లూకోజు, గ్లిసరిన్ వంటివి కలిసినపుడు అంతకంటె తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. నెల్లూరులో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు. ఇక సముద్రపు గాలి ఏడాది పొడుగునా ఉన్నదే. కరిగేది అన్న పేరు ఈ తీరంలో ఎంత సార్థకమో ఆపాకు ఒకసారి అనుభవానికి వచ్చింది.

మైపాడు వైపు ఒక పల్లెలో వేడుక. నెల్లూరునుండి సుమారు ఇరవై అయిదు కిలోమీటర్ల ప్రయాణం. నీలి రంగు కేకు, దానిపై తెల్లని పడవ, అలలు. చల్లగా ఉంటే నిలుస్తుందని అంతకుముందు రాత్రంతా కేకును ఫ్రిజ్‌లో ఉంచడం జరిగింది. ఆటోలో సముద్రపుగాలి తగలగానే, చల్లని గ్లాసుకు చెమట పట్టినట్లు కేకంతటా నీటిబిందువులు లేచాయి. పల్లె చేరేసరికి నీలం అలలమీదినుండి జారి తెల్లని పడవను ముంచింది. ఆ ఇంటి పెద్దలు సహృదయులు, "సముద్రం కదమ్మా, పడవ తడవకుండా ఉంటుందా" అని నవ్వి డబ్బు పూర్తిగా ఇచ్చారు. ఆపా మాత్రం తిరుగు ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడలేదు.

శాస్త్రం దృష్ట్యా చూస్తే అది మంచు బిందువు లెక్క. చల్లని వస్తువును చెమ్మగాలిలో పెడితే, గాలిలోని ఆవిరి దానిమీద నీరై కూర్చుంటుంది. కావున నిలువ ఉండగల కేకును, క్రీముకు బదులు చాక్లెట్ పూతపై ఫాండెంట్ పరచి, ఫ్రిజ్‌లో కాక ఇంట్లో చల్లని, పొడి చోట అట్టపెట్టెలో ఉంచడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టక తప్పనిచో పెట్టెతో సహా పెట్టి, బయటకు తీసిన తరువాత పెట్టె తెరవకుండానే గది వేడికి రానివ్వాలి. అపుడు చెమట పెట్టెకు పడుతుంది, కేకుకు పట్టదు. ఒకవేళ చెమ్మ కనబడినా చేత్తో తుడవరాదు. ఫంకా గాలికి ఉంచితే అదే ఆరుతుంది. పూలకూ, బొమ్మలకూ వాడే ముద్దలో టైలోజ్ అనే సెల్యులోజు జిగురు పొడిని కిలోకు రెండు మూడు చెంచాలు కలిపితే గట్టిగా నిలుస్తాయి. మైపాడు ప్రయాణం తరువాత ఆపా ఈ పద్ధతినే పాటిస్తున్నది.

ఇక రంగు కలపడం. ద్రవరూపంలోని రంగు ఎక్కువ వేస్తే ముద్ద జిగటగా మారుతుంది, అది నీటితో కూడినది గనుక. జెల్ రంగు చిక్కనిది, కొద్దిగా వేస్తేనే పట్టుతుంది. పుల్ల మొనతో తీసి ముద్దమీద గీతలు గీసి, అరచేతులకు కొద్దిగా నెయ్యిగాని కొవ్వుగాని రాసుకొని, మడచి మడచి పిసకాలి. చారలు పూర్తిగా పోయేవరకు పిసికి, గాలి తగలకుండా చుట్టి, కొన్ని గంటలు ఉంచాలి. రంగు ఆ వ్యవధిలో ఇంకా ముదురుతుంది. అందువలన కోరిన ఛాయకు ఒక మెట్టు తక్కువగానే ఆపివేయడం వివేకం. ముందు చిన్న ఉండలో ముదురు రంగు చేసి, దానిని తెల్లని ముద్దలో కలుపుతూ పోతే అదుపు చేతిలో ఉంటుంది. ఒక కేకుకు కావలసినదంతా ఒక్కసారే కలిపి ఉంచుకోవాలి. మధ్యలో చాలకపోతే రెండవసారి అదే ఛాయ రావడం దుర్లభం. గులాబి, ఊదా రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. ఊదాలోని ఎరుపు ముందుగా పోయి నీలం మిగులుతుంది. కావున వాటిని కిటికీ ప్రక్కన ఉంచరాదు.

రంగులలో నిప్పువంటివి రెండు: ఎరుపు, నలుపు. తెల్లని ముద్దను రక్తవర్ణానికి తేవాలంటే రంగు పోస్తూనే ఉండాలి. ముద్ద మెత్తబడుతుంది, నాలుకకు చేదు తగులుతుంది. ఇక్కడ చట్టం కూడా మన చేయి పట్టుకుంటుంది. మన దేశంలో ఆహారంలో వాడదగిన కృత్రిమ రంగులు ఎనిమిది మాత్రమే: టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పోన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్, ఫాస్ట్ గ్రీన్. మిఠాయిలవంటి పదార్థాలలో వీటి పరిమాణం కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. ముప్పావు కిలో ఫాండెంట్‌కు లెక్క కడితే 75 మిల్లీగ్రాముల శుద్ధమైన రంగు. చిటికెడు ఉప్పు కంటె చాలా తక్కువ. కేకు మొత్తం బరువు మీద లెక్క వేయవచ్చు కదా అని ఎవరైనా వాదించవచ్చు. కాని పిల్లలు ముందుగా ఒలుచుకొని తినేది ఆ పైపొరనే కదా!

1856లో విలియం పెర్కిన్ అనే యువకుడు లండనులో తారునుండి ఊదారంగును కనుగొన్న తరువాత కృత్రిమ రంగుల ప్రవాహం మొదలైంది. అంతకుముందే, 1820లో, అక్కుమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మిఠాయిల రంగులలో సీసం, రాగి లవణాలు కలుస్తున్నాయని గ్రంథం వ్రాసి హెచ్చరించాడు. రెండు వందల ఏళ్ళు గడిచినా ఆ హెచ్చరిక పాతబడలేదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోనూ, మన పొరుగునున్న తమిళనాడులోనూ పీచుమిఠాయిని నిషేధించారు. దానిలో రోడమైన్ బి అనే రంగు బయటపడింది. అది బట్టలకూ, కాగితాలకూ వేసే రంగు. సముద్రతీరాలలో పిల్లలు చేతబట్టుకొని తిరిగే ఆ గులాబి మేఘంలో ఉన్నది దర్జీ ఎరిగిన రంగేనన్నమాట. ఆ వార్త చదివి వినిపించినపుడు అబ్బా, "గుడ్డకు పట్టే రంగు కడుపుకు పట్టకూడదు బేటీ" అన్నారు.

బజారులో పేరూ ఊరూ లేని కాగితపు పొట్లాలలో రంగుపొడి దొరుకుతుంది. ఒక దుకాణంలో ఆపాకు అటువంటి పొట్లం చూపి, "సగం ధర, రెట్టింపు రంగు" అని ప్రలోభపెట్టారు. ఆమె దానిని అక్కడే ఉంచి వచ్చింది. అది సులభమైన నిరాకరణ. కఠినమైనది ఆ తరువాత వచ్చింది. ఒక పెద్ద వేడుకకు మూడంతస్తుల కేకు, నిలువెల్లా ముదురు ఎరుపు కావాలని ఒకరు వచ్చారు. ఆ నెలలోనే నా పరీక్ష రుసుము కట్టవలసి ఉన్నది. కేకును దంతపు వన్నెలో ఉంచి, సిద్ధంగా దొరికే ఎర్రని ఫాండెంట్‌తో గులాబీలు మాత్రం చేసి దండవలె చుడతానని ఆపా చెప్పింది. నిలువెల్లా ఎరుపు అయితే తన చేతితో పిల్లలకు పెట్టలేనని కూడా వినయంగా చెప్పింది. వారు మరొకచోటికి వెళ్ళారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఆపాను తప్పుపట్టలేదు. అమ్మీ పొదుపు డబ్బా తెరిచింది. అబ్బా కళ్ళజోడు తుడుచుకొని, వద్దనుకున్న బడి దుస్తుల కుట్టుపని మళ్ళీ ఒప్పుకున్నారు. రుసుము గడువులోనే కట్టాము. ఆ రసీదును నేను భద్రంగా దాచుకున్నాను.

ప్రకృతిసిద్ధమైన రంగులు వాడరాదా అని కొందరు అడుగుతారు. వాడవచ్చు, వాటి స్వభావం ఎరిగి వాడాలి. పసుపు మంచి వన్నెనిస్తుంది గాని వెలుతురుకు వెలుస్తుంది, వంటసోడా తగిలితే ఎర్రబడుతుంది. బీట్‌రూట్ రసం ముద్దను నీరు చేస్తుంది, దాని పొడి మేలు. శంఖపుష్పం నీలం నిమ్మరసం తగిలితే ఊదా అవుతుంది. ఇవన్నీ లేత ఛాయలే. కాని లేత ఛాయ లోపమని ఎవరన్నారు? మన తీరానికి దక్షిణాన పులికాటు సరస్సుకు వచ్చే రాజహంసల గులాబి వన్నె చూడండి. అది పుట్టుకతో వచ్చినది కాదు. నాచులోనూ, చిన్న రొయ్యలలోనూ ఉండే కెరోటిన్ జాతి రంగులు, తిన్న తిండి ద్వారా ఈకలకు చేరి ఆ వన్నె నిస్తాయి. తిన్నదే ఒంటికి పట్టుతుందని చెప్పడానికి అంతకంటె అందమైన సాక్ష్యం లేదు. ఆ హంసల బొమ్మ ఉన్న కేకును ఆపా బీట్‌రూట్ పొడి చిటికెలతోనే చేస్తుంది.

సోదర సోదరీమణులారా! మనలో అనేకుల ఇళ్ళలో చదువుకు వెనుక ఒక చేతిపని ఉన్నది. ఒకరి ఇంట కుట్టుమిషను, ఒకరి ఇంట రొట్టెల పెనం, ఒకరి ఇంట పూలబుట్ట. ఆ పనులు తక్కువవి కావు. వాటిలో మన పాఠ్యగ్రంథాల శాస్త్రమంతా ఉన్నది. తరగతిలో సాపేక్ష ఆర్ద్రత చదివిన విద్యార్థిని ఇంట్లో కేకు చెమర్చడం ఎందుకో చెప్పగలిగితే ఆ చదువు ఇంటికి ఉపకరించినట్లే. మన కళాశాల ప్రయోగశాలలో ఆహారపు రంగులను కాగితంపై వేరుచేసి చూపే క్రోమటోగ్రఫీ పరీక్ష కష్టమైనది కాదు, ఖర్చైనది కాదు. కళాశాల సంఘం పెద్దలు దయతో ఆలోచించి, సెలవులలో కొన్ని దినాలు ఇటువంటి పరీక్షలనూ, పొట్లాలమీది అక్షరాలు చదివే విధానాన్నీ ఇంటివద్ద తినుబండారాలు చేసి జీవించే అక్కచెల్లెళ్ళకు నేర్పే ఏర్పాటు చేయగలిగితే, ఎన్నో ఇళ్ళకు మేలు జరుగుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను.

చక్కెర కరుగుతుంది, అది దాని ధర్మం. రంగు వెలుస్తుంది, అది వెలుతురు ధర్మం. ఫలానా చేతితో చేసినదైతే ఎవరైనా నిర్భయంగా తినవచ్చునన్న పేరు మాత్రం, ఉప్పుగాలికి కరగక, ఎండకు వెలియక, ఇంటి గడపమీద నిలుస్తుంది. ఆ పేరును సంపాదించుకోవడానికి డబ్బా వెనుకనున్న చిన్న అక్షరాలు చదివే ఓపిక చాలు.